మన వీధిలో నడిచే పోలీసు
(కాలనీ, బస్తీ సంక్షేమ సంఘాల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇన్ని సంఘాల వాళ్ళు ఒక్కచోట కూర్చోవడం మామూలు విషయం కాదు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చిన కానిస్టేబుళ్ళు వెనక వరసలో ఉన్నారు. వాళ్ళకు ప్రత్యేకంగా నమస్కారం. ఇవాళ మాట్లాడేదంతా వాళ్ళు చేసే పని గురించే.

పోలీసు కమిషనర్ గారికి మీరు ఇవ్వబోయే వినతిపత్రం చదివాను. మొదటి కోరిక, మా ప్రాంతంలో కాలినడక గస్తీ పెంచాలని. న్యాయమైన కోరిక. నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కానీ "పెంచాలి" అని రాసి ఊరుకుంటే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. రెండు వారాలు పదిమంది పోలీసులు వీధుల్లో తిరుగుతారు, పేపర్లో ఫొటో వస్తుంది, మూడో వారం వినాయక నిమజ్జనం బందోబస్తు పడుతుంది, అందరూ అటు వెళ్ళిపోతారు. అందుకే ఏం అడగాలో ముందు మనకు స్పష్టంగా తెలియాలి. నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తాను: ఎంతమంది నడుస్తున్నారన్నదానికంటే ఎవరు నడుస్తున్నారు, ఎక్కడ, ఎన్నాళ్ళు అన్నదే ముఖ్యం. మన వీధిలో నడిచే కానిస్టేబుల్ పేరు మనకు తెలియాలి, మన పేర్లు ఆయనకు తెలియాలి. ఈ మాట ఊరికే అనడం లేదు. యాభై ఏళ్ళుగా దీని మీద వేరే దేశాల్లో జాగ్రత్తగా పరీక్షలు జరిగాయి. వాటిలో తేలింది మీ ముందు పెడతాను.

పోలీసు అసలు నడక ఎందుకు మానేశాడు? కార్లు, వైర్‌లెస్ సెట్లు, టెలిఫోన్ వచ్చాక. ఫోన్ చేస్తే బండి వస్తుంది, తక్కువమందితో ఎక్కువ దూరం చూడొచ్చు అనుకున్నారు. అమెరికాలో ఇది ముందు జరిగింది. మనకు పాతికేళ్ళుగా జరుగుతోంది. 2014 తర్వాత హైదరాబాద్‌లో కొత్త ఇన్నోవాలు, బ్లూ కోల్ట్స్ అనే గస్తీ పోలీసులకు కొత్త మోటారుసైకిళ్ళు వచ్చాయి. ఫోన్ చేస్తే త్వరగా వస్తున్నారు, అది కాదనలేం. ఆపదలో ఉన్నవాళ్ళకు బండి కావాలి. ఆపద రాకముందు సంగతి వేరు.

1972 అక్టోబరు నుంచి ఏడాదిపాటు అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఒక పరీక్ష చేశారు. పదిహేను బీట్లను, అంటే గస్తీకి విడదీసిన ప్రాంతాలను, మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో పెట్రోలింగ్ కార్లు మామూలుగా తిరిగాయి. రెండో భాగంలో రెండు మూడు రెట్లు పెంచారు. మూడో భాగంలో పిలిస్తే తప్ప వెళ్ళొద్దన్నారు. ఏడాది తర్వాత చూస్తే మూడు చోట్లా నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, జనం భయంలో తేడా లేదు. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, కార్లు పెరిగాయో తగ్గాయో అక్కడి జనం గమనించనే లేదు. అద్దాలు ఎక్కించుకుని వెళ్ళే బండిని ఎవరు లెక్కపెడతారు?

ఇంకో లెక్క చెబుతాను. 1984లో బ్రిటన్ హోం శాఖ పరిశోధకులు లండన్‌కు వేసిన లెక్క ఇది. గస్తీ తిరిగే పోలీసు, ఇంట్లో దొంగతనం జరుగుతున్న సమయంలో ఆ ఇంటికి వంద గజాల దగ్గరగా వెళ్ళే అవకాశం సుమారు ఎనిమిదేళ్ళకు ఒకసారి వస్తుంది. వెళ్ళినా దొంగను పట్టుకుంటాడని కాదు, దొంగతనం జరుగుతోందని తెలుస్తుందని కూడా కాదు. కాబట్టి గస్తీ పెంచగానే కానిస్టేబుల్ వీధి మలుపులో దొంగను పట్టుకుంటాడని ఎవరూ అనుకోవద్దు. అలా అనుకుంటే మూడు నెలలకే నిరాశ పడతాం, దోషం పాపం ఆ కానిస్టేబుల్ మీదికి పోతుంది.

మరి నడిస్తే ఏం వస్తుంది? దీనికి నెవార్క్ నగరం సంగతి చెప్పుకోవాలి. న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ పక్కనే ఉంటుంది. మన తెలుగు పిల్లలు చాలామంది ఆ విమానాశ్రయంలోనే దిగుతారు. 1973లో ఆ రాష్ట్ర ప్రభుత్వం నగరాల్లో కాలినడక గస్తీకి డబ్బు ఇచ్చింది. చాలామంది పోలీసు అధికారులకు ఇష్టం లేదు. బండి దించి నడిపించడాన్ని వాళ్ళు శిక్షగా చూసేవాళ్ళు. 1978 నుంచి ఏడాదిపాటు పోలీస్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ దాన్ని పరీక్షించింది. కొన్ని బీట్లలో నడక గస్తీ కొనసాగించారు, కొన్నిచోట్ల ఆపేశారు, కొన్నిచోట్ల కొత్తగా పెట్టారు. ఫలితాలు 1981లో బయటికి వచ్చాయి.

నేరాలు తగ్గలేదు. ఇది దాచకుండా చెప్పుకోవాలి. కానీ ఈసారి జనం గమనించారు. గస్తీ పెట్టిన చోట వాళ్ళకు తెలిసింది, తీసేసిన చోటా తెలిసింది. గస్తీ ఉన్నచోట భయం తగ్గింది, వీధి మెరుగుపడిందన్న నమ్మకం పెరిగింది, పోలీసుల మీద మంచి అభిప్రాయం కలిగింది. 1967లో పెద్ద అల్లర్లు చూసిన నగరం అది. నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో ఎక్కువగా తెల్ల పోలీసులే నడిచారు. అయినా ఈ ఫలితం వచ్చింది.

కొందరు దీన్ని తేలిగ్గా తీసేస్తారు. నేరం తగ్గకుండా భయం తగ్గితే అది జనాన్ని మభ్యపెట్టడమే కదా అంటారు. నేను ఒప్పుకోను. మన కాలనీల్లో భయం ఏం చేస్తోందో చూడండి. రాత్రి ఎనిమిది దాటితే ఆడపిల్లను ట్యూషన్‌కు పంపడం మానేస్తున్నాం. పొద్దున్నే వాకింగ్‌కు వెళ్ళే పెద్దావిడ గొలుసు తీసి ఇంట్లో పెట్టి, మెళ్ళో పసుపుతాడు ఒక్కటే ఉంచుకుని వెళ్తోంది, కొన్నాళ్ళకు అదీ మానేస్తోంది. షాపులవాడు తొమ్మిదికే షట్టర్ దించేస్తున్నాడు. నడిచే వీధి నడవని వీధి అయిపోతోంది. ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. భయం తగ్గడమంటే మనుషులు మళ్ళీ వీధిలోకి రావడం. దాన్ని నేను చిన్న ఫలితం అనుకోవడం లేదు.

మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అని కార్ల ఫ్యాక్టరీల ఊరు ఉంది. అక్కడ 1979లో ఒక ధర్మసంస్థ ఇచ్చిన నిధులతో పద్నాలుగు పేటల్లో నడక గస్తీ మొదలైంది. కానిస్టేబుల్‌కు పేట అప్పగించి, అక్కడి జనంతో కలిసి పని చేయమన్నారు. మూడేళ్ళలో ఆ పేటల నుంచి స్టేషన్‌కు వచ్చే ఫోన్లు నలభై శాతానికి పైగా తగ్గాయి. జనం స్టేషన్‌కు ఫోన్ చేయడానికి బదులు ఎదురుపడ్డ కానిస్టేబుల్‌కే చెప్పుకున్నారు. చిన్న తగాదాలు అక్కడే తేలిపోయాయి. ఉద్యోగాలు పోతూ చితికిపోతున్న ఊరది. అయినా 1982లో ఈ గస్తీ కొనసాగించడానికి పన్ను పెంచుతామంటే జనం ఓటేసి ఒప్పుకున్నారు. జేబులోంచి డబ్బు తీసి ఇచ్చారంటే వాళ్ళకు దాని విలువ ఎంతగా తెలిసి ఉండాలి!

అయితే నడక గస్తీతో నేరాలు అసలు తగ్గవా? తగ్గుతాయి. దానికి ఫిలడెల్ఫియా చూడాలి. 2009 వేసవిలో అక్కడి పోలీసులు, టెంపుల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చేసిన పరీక్ష ఇది. కాల్పులు, దోపిడీలు, దాడులు ఎక్కువగా జరిగే నూట ఇరవై చిన్న చిన్న ప్రాంతాలను మ్యాపు మీద గుర్తించారు. చిన్నవంటే నిజంగా చిన్నవి, ఒక్కోదాంట్లో పదిహేను కూడళ్ళు ఉంటాయి. లాటరీ వేసినట్టు వాటిలో అరవై ఎంచుకుని నడక గస్తీ పెట్టారు. మిగతా అరవైలో మామూలుగానే నడిచింది. అప్పుడే ట్రైనింగ్ పూర్తయిన రెండొందల మందికి పైగా కొత్త పోలీసులు ఇద్దరిద్దరుగా, వారానికి ఐదు రోజులు, పొద్దున పది నుంచి రాత్రి రెండు దాకా రెండు షిఫ్టుల్లో నడిచారు. పన్నెండు వారాల్లో, గస్తీ లేని ప్రాంతాలతో పోలిస్తే, గస్తీ ఉన్న ప్రాంతాల్లో హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. కొంత నేరం పక్క వీధులకు జరిగింది. అది తీసేసినా మొత్తం మీద యాభైకి పైగా నేరాలు జరగకుండా ఆగాయని లెక్క.

నెవార్క్‌లో రాని ఫలితం ఇక్కడ ఎందుకు వచ్చింది? గస్తీని ఊరంతా పలచగా చల్లలేదు. ఎక్కువ నేరాలు జరిగే నాలుగు వీధులు, ఎక్కువ నేరాలు జరిగే వేళలు చూసి అక్కడ దట్టంగా పెట్టారు. మీ పేటలో కూడా గమనించండి. గొలుసు లాక్కుపోవడాలు అన్ని వీధుల్లోనూ జరగవు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే రెండు మూడు మలుపుల్లో జరుగుతాయి, బండి మీద వచ్చినవాడికి పారిపోయే దారి ఉన్నచోట జరుగుతాయి. గొడవలు వైన్ షాపు దగ్గర, పర్మిట్ రూమ్ మూసే వేళకు జరుగుతాయి. ఇవి మీకు తెలిసినంత బాగా ఏ కంప్యూటర్‌కూ తెలియదు.

ఫిలడెల్ఫియా కథలో తర్వాతి భాగం కూడా చెప్పాలి, మనకు పనికొచ్చేది అందులోనే ఎక్కువ ఉంది. గస్తీ తీసేశాక ఆ మేలు నిలవలేదు. ఇంకొకటి, రోజుల తరబడి అవే నాలుగు వీధులు తిరిగి పోలీసులకు విసుగొచ్చింది. గీత దాటి పక్క వీధుల్లోకి వెళ్ళడం మొదలుపెట్టారు. తర్వాతి ఏడాది అదే నగరంలో మళ్ళీ నడక గస్తీ పరీక్షించారు. ఈసారి రోజుకు ఎనిమిది గంటలే. హింసాత్మక నేరాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదు. అదే నగరం, అదే పోలీసు శాఖ! కాబట్టి మోతాదు తగ్గితే నేరం తగ్గించే గుణం పోతుంది. అంత మోతాదు ఏ స్టేషనూ ఏడాది పొడవునా ఇవ్వలేదు. మన స్టేషన్లలో సిబ్బంది ఎంతమందో మీకు తెలియనిది కాదు. అందుకే నేను మళ్ళీ మళ్ళీ తెలిసిన మనిషి అంటున్నాను. పదహారు గంటల గస్తీ మనకు దొరక్కపోవచ్చు. రోజుకు రెండు గంటలు నడిచే ఒకే మనిషి దొరకడం అసాధ్యం కాదు.

ఈ విషయంలో అందరికంటే లోతుగా ఆలోచించింది ఇంగ్లండ్ అని నా నమ్మకం. 1990ల మధ్య నుంచి అక్కడ నేరాలు తగ్గుతూ వచ్చాయి. కానీ జనంలో ఎక్కువమంది పెరుగుతున్నాయనే అనుకున్నారు. ఎందుకిలా అని వెతికారు. మార్టిన్ ఇన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త చెప్పింది ఇది: అన్ని నేరాలూ మన మనసు మీద ఒకేలా పనిచేయవు. కొన్ని సంఘటనలు "ఇక్కడ ఏదైనా జరగొచ్చు, జాగ్రత్త" అని మనకు సంకేతం ఇస్తాయి. అవి ఎప్పుడూ పెద్ద నేరాలే కానక్కర్లేదు. పగలగొట్టిన బస్ షెల్టర్, గోడ మీద రాతలు, మలుపులో తాగి అరిచే గుంపు. మన దగ్గర అయితే నెలల తరబడి వెలగని వీధి దీపం, ముళ్ళచెట్లు పెరిగిన ఖాళీ ప్లాటు, గల్లీ చివర బెల్టు షాపు. ఇవి ఎఫ్.ఐ.ఆర్. రిజిస్టర్‌లో కనపడవు. వీధి వీధికీ వేరుగా ఉంటాయి. కారులో వెళ్ళేవాడికి తెలియవు. నడిచి, ఆగి, ఇంటివాళ్ళను అడిగితేనే తెలుస్తాయి.

2003 నుంచి 2005 దాకా పదహారు ప్రాంతాల్లో దీన్ని పరీక్షించారు. మూడు పనులు చేశారు. పోలీసులు కనపడాలి, అందుబాటులో ఉండాలి, తెలిసిన ముఖాలై ఉండాలి. ఇక్కడ మిమ్మల్ని ఏది భయపెడుతోంది అని జనాన్నే అడగాలి. వాళ్ళు చెప్పినదాన్ని మున్సిపాలిటీతో, జనంతో కలిసి సరిచేయాలి. వాటిలో కొలిచి చూసిన ఆరు ప్రాంతాల్లో, పోలీసులు బాగా పనిచేస్తున్నారని అన్నవాళ్ళు నూటికి పదిహేనుమంది చొప్పున పెరిగారు. పోలిక కోసం చూసిన ప్రాంతాల్లో పెరిగింది నూటికి ముగ్గురే. నేరాల బెడదా తగ్గింది. అప్పుడు దాన్ని 2008 కల్లా దేశమంతా పెట్టారు. అరెస్టు అధికారం లేకపోయినా వీధుల్లో తిరుగుతూ జనంతో ఉండే కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్లు 2010 నాటికి పదహారు వేలు దాటారు.

తర్వాత ఖర్చుల కోత వచ్చింది. మొదట పోయింది వీళ్ళే. పదేళ్ళు దాటేసరికి వాళ్ళ సంఖ్య సగానికి పడిపోయింది. ఎందుకంటే జరగని నేరాన్ని, తగ్గిన భయాన్ని లెక్కలో చూపించడం కష్టం. ఇప్పుడు అక్కడి ప్రభుత్వమే పదమూడు వేల మందిని మళ్ళీ పేటలకు పంపుతామని, ప్రతి పేటకూ పేరుతో సహా ఒక అధికారిని చూపిస్తామని 2025లో హామీ ఇచ్చింది. కట్టినదాన్ని కూల్చుకుని మళ్ళీ కట్టుకుంటున్నారు.

ఇప్పుడు బస్తీల నుంచి వచ్చిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కొంచెం ఇబ్బందిగా చూస్తున్నారు. వాళ్ళ మనసులో ఏముందో నాకు తెలుసు. కాలనీవాడికి పోలీసు కనపడితే భరోసా, బస్తీ కుర్రాడికి టెన్షన్. అది ఉత్తి అపోహ కాదు. న్యూయార్క్‌లో కొత్త పోలీసులను గుంపులుగా పేద పేటల్లో నడిపించారు. ఎంతమందిని ఆపి తనిఖీ చేశారన్నదే పనికి కొలమానమైంది. 2011 ఒక్క ఏడాదిలో ఆరు లక్షల ఎనభై అయిదు వేల తనిఖీలు జరిగాయి. ఆపినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఏ తప్పూ చేయనివాళ్ళు. 2013లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఇందాక మెచ్చుకున్న నెవార్క్‌లోనే 2014లో అమెరికా న్యాయ శాఖ దర్యాప్తు చేస్తే, నడిచిపోయేవాళ్ళను ఆపినప్పుడు పోలీసులు రాసిన కారణాల్లో సుమారు ముప్పావు వంతు చట్టం ముందు నిలవవని తేలింది. ముప్పై ఏళ్ళ కింద భరోసా ఇచ్చిన నడక, ఆ తర్వాత అదే ఊరిలో వేధింపు అయింది.

మన పాతబస్తీలో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళను స్టేషన్‌కు తీసుకెళ్ళి కౌన్సెలింగ్ ఇచ్చిన రోజులు మనం చూశాం. తెల్లవారుజామున వీధి మొత్తం చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్‌లూ చూశాం. వాటిని నడక గస్తీ అనకూడదు. ఒక గది ఇంట్లో ఆరుగురు ఉండే పిల్లవాడికి అరుగే వరండా, అదే చదువుకునే చోటు. కానిస్టేబుల్‌కు ఆ పిల్లవాడి ఇల్లు, తల్లి పని, చదివే కాలేజీ తెలిస్తే అతన్ని బండెక్కించే అవసరమే రాదు. కాబట్టి మన వినతిపత్రంలో ఇది కూడా ఉండాలి: ఎంతమందిని ఆపారు, ఎన్ని చలానాలు రాశారు అన్నదాన్ని బట్టి గస్తీని కొలవొద్దని. కాలనీ సంఘాలు, బస్తీ సంఘాలు ఇద్దరూ సంతకం పెడితేనే ఈ కాగితానికి బలం.

కానిస్టేబుల్ వైపు నుంచి కూడా ఒక్క నిమిషం. కాగితం మీద బీట్ వ్యవస్థ మనకు ఎప్పటి నుంచో ఉంది. బీట్ కానిస్టేబుల్ వచ్చి పాయింట్ బుక్‌లో సంతకం పెట్టేవాడు, ఇప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తున్నాడు. స్కాన్ అయితే వచ్చినట్టు లెక్క. ఎవరితోనైనా మాట్లాడాడా, ఏం విన్నాడు అన్నది ఎక్కడా నమోదు కాదు. బోనాలు, నిమజ్జనం, వీఐపీ పర్యటన, ఎన్నికలు, ఏది వచ్చినా మొదట లాగేది బీట్ నుంచే. ఈ పనికి గుర్తింపు లేదు, ప్రమోషన్‌కు పనికిరాదు. అలాంటప్పుడు మంచి కానిస్టేబుల్ ఇందులో ఎందుకు ఉండాలి? కేరళలో 2008లో జనమైత్రి పేరుతో బీట్ అధికారి ఇంటింటికీ వెళ్ళి పరిచయం చేసుకునే పద్ధతి పెట్టారు. పని వివరంగా రాసి, శిక్షణ ఇచ్చి, జన సమితులతో కలిపారు. మన దగ్గర పోలీసులు, జనం కలిసి కూర్చునే మైత్రి సంఘాలు వచ్చాయి, 2014లో షీ టీమ్స్ వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయాల్లో మహిళా పోలీసులు వచ్చారు. మంచి ప్రయత్నాలే. ఒక వీధికి ఒక తెలిసిన మనిషి అన్న పని మాత్రం ఇంకా మిగిలే ఉంది.

కాబట్టి వినతిపత్రంలో ఇలా రాద్దాం. మా బీట్ కానిస్టేబుల్‌ను కనీసం రెండేళ్ళు మార్చొద్దు. ఆయన పేరు, స్టేషన్ నంబరు ప్రతి గల్లీ మొదట్లో పెట్టండి. బందోబస్తుకు తీసుకెళ్ళినా వారానికి ఇన్ని గంటలు బీట్‌కే అని రాసివ్వండి. ఏ మలుపులో, ఏ వేళకు గస్తీ కావాలో మేం నెలకోసారి కూర్చుని చెబుతాం, మీ రికార్డుతో సరిచూసుకోండి. మేం చెప్పిన దీపం, ప్లాటు, బెల్టు షాపు సంగతి ఏమైందో వచ్చే నెల చెప్పండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక మహిళ: సార్, మా కాలనీలో అందరం చందా వేసుకుని కెమెరాలు పెట్టించుకున్నాం. ఇంకా ఈ నడక ఎందుకంటున్నారు?)

మంచి ప్రశ్న అమ్మా. కెమెరా ఉండాలి. నేరం జరిగాక పట్టుకోవడానికి చాలా ఉపయోగం, మన నగరంలో ఎన్నో కేసులు అలాగే తేలాయి. కానీ మీ అమ్మాయిని బస్ స్టాప్ దగ్గర ఒకడు రోజూ వెంటపడుతున్నాడనుకోండి. అది కెమెరాలో మామూలు నడకలాగే కనపడుతుంది. అమ్మాయి స్టేషన్‌కు వెళ్ళదు, మీరూ పంపరు. రోజూ ఆ దారిలో నడిచే, తను గుర్తుపట్టే మహిళా కానిస్టేబుల్ ఉంటే నడుస్తూ నడుస్తూ ఒక మాట చెబుతుంది. అందుకే బీట్లలో మహిళలు తప్పకుండా ఉండాలని కూడా కాగితంలో చేరుద్దాం. ఇది నేను మర్చిపోయేవాణ్ణి, మీరు గుర్తు చేశారు.

(వెనక నుంచి ఒక కానిస్టేబుల్: సార్, మేం నడవడానికి రెడీనే. ఎండలో నడిచి వస్తే ఇక్కడ తాగడానికి నీళ్ళు, కూర్చోవడానికి చోటు ఉండదు. మాట్లాడదామంటే తలుపు తీయరు.)

ఇది విన్నారు కదా. కమిషనర్ గారిని అడగక్కర్లేని పని ఇది, మన చేతిలోదే. ప్రతి కమ్యూనిటీ హాల్‌లో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక కుర్చీ, నీళ్ళు, బాత్రూమ్ వాడుకునే వీలు ఈ వారమే ఏర్పాటు చేద్దాం. ఏయే సంఘాలు చేస్తాయో చేతులెత్తండి, కార్యదర్శి గారు పేర్లు రాసుకుంటారు.